మోగగానే ఎవరో తెలియాలి

ఫోను మోగగానే తెర మీద పేరు చూసి ఎత్తుతాం. మనకు అదేమంత పని కాదు. చూపు మందగించిన వాళ్లకు, అక్షరాలు రానివాళ్లకు మాత్రం పెద్ద చిక్కే. ఎవరు చేసినా ఒకటే ట్యూను. ఎత్తి 'ఎవరూ?' అని అడిగితేగానీ అవతల ఉన్నది కొడుకో, బ్యాంకు పేరు చెప్పుకునే మోసగాడో తెలియదు. ఇంట్లో ఒక కంప్యూటరు, నాలుగు పాటలు, అరగంట తీరిక ఉంటే ఈ చిక్కు తీర్చేయొచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో రింగ్‌టోను కోసి పెట్టడమే!

రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ మధ్యనున్న ఏర్పేడు సంగతే చూడండి. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని ఈ మండలం 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఐఐటీ, ఐసర్ ప్రాంగణాలు ఇక్కడే ఉన్నాయి. ఎక్కడెక్కడి పిల్లలో చదువుకోడానికి ఏర్పేడు వస్తున్నారు. ఈ చుట్టుపక్కల పిల్లలేమో ఉద్యోగాలకని చెన్నైకీ, బెంగళూరుకీ, ఇంకా దూరానికీ వెళుతున్నారు. ఇంట్లో మిగిలిన అవ్వాతాతలకు పిల్లలంటే ఫోనే. అది మోగినప్పుడే 'పెద్దోడు చేస్తున్నాడు' అని తెలిస్తే ఎంత బాగుంటుంది!

నోకియా నుంచి మనదాకా

సెల్‌ఫోను అంటే నోకియా అనుకున్న రోజుల్లో అందరి జేబుల్లోనూ మోగిన ట్యూను స్పెయిన్ గిటారు విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902లో కూర్చిన 'గ్రాన్ వాల్స్' లోనిది. 2000లో వచ్చిన నోకియా 3310లో స్వరాలు మీటలతో నొక్కి సొంత ట్యూను కట్టుకునే వీలుండేది. తర్వాత ఎంపీ3 పాటలే మోగే ఫోన్లు వచ్చాయి. సెల్ షాపుకు వెళ్లి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఒక తేడా గమనించండి. కాలర్ ట్యూను అవతలివాళ్లకు వినిపిస్తుంది. దాన్ని ఇచ్చేది ఫోను కంపెనీ. రింగ్‌టోను మన ఫోనులోనే ఉంటుంది. దీనికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

ఏ ముక్క కోయాలి?

చాలామంది పాటను మొదటి నుంచి పెట్టేస్తారు. ఆలాపన అయ్యేలోపే ఫోను ఆగిపోతుంది. మొబైల్ ఫోను ఎవరూ ఎత్తకపోతే 30 సెకన్లు, ల్యాండ్‌లైను అయితే 60 సెకన్లు మోగాలని ట్రాయ్ 2019 నవంబరులో నిర్ణయించింది. కాబట్టి 20 నుంచి 25 సెకన్ల ముక్క చాలు. మొదటి సెకనులోనే గుర్తుపట్టేలా ఉండాలి.

ఇంకో కిటుకు. ఫోను స్పీకరు చిన్నది. డోలు, మృదంగం లాంటి లోతైన మోత అందులో సరిగ్గా పలకదు. మరోవైపు వయసు పైబడేకొద్దీ ముందుగా తగ్గేది సన్నని, హెచ్చుస్థాయి శబ్దాలు వినే శక్తి. అందుకే చిరుగంటలు, ఈలల్లాంటి ట్యూన్లు పెద్దవాళ్లకు పనికిరావు. లోతుదీ సన్ననిదీ కాకుండా మధ్యస్థాయిలో ఉండే గొంతు, నాదస్వరం, హార్మోనియం బాగా వినిపిస్తాయి.

ఒక్కొక్కరికి ఇచ్చేవి ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి. కొడుక్కి నాదస్వరమైతే, కూతురికి హార్మోనియం. అందరూ పెట్టుకునే సుప్రభాతమే పెడితే బస్సులో నలుగురూ జేబులు తడుముకోవాలి! అన్నిటికన్నా మేలైనది మనిషి గొంతే. 'అవ్వా, నేను చిన్నోణ్ణి' అని మనవడి చేత చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. ఆ ఫైలునూ ఇలాగే కోసుకోవచ్చు.

కోసేది ఇలా...

'ఆడాసిటీ' అనే ఉచిత సాఫ్ట్‌వేరును దాని అసలు వెబ్‌సైటు నుంచే దించుకోండి. 2000 నుంచి అందుబాటులో ఉన్న ప్రోగ్రామ్ ఇది. ఎంపీ3గా భద్రపరచడానికి ఒకప్పుడు 'లేమ్' అనే ఫైలును విడిగా కలపాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు.

1. 'ఫైల్' మెనూలో 'ఓపెన్' నొక్కి పాటను తెరవండి. పాట అలల గీతలా కనిపిస్తుంది. స్పేస్‌బార్ నొక్కితే మోగుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది.

2. కావలసిన ముక్కలో చివరి రెండు సెకన్లను మౌసుతో ఎంచుకుని, 'ఎఫెక్ట్' మెనూలో 'ఫేడ్ అవుట్' నొక్కండి. పాట తెగినట్టు కాకుండా మెల్లగా ఆగుతుంది.

3. ఇప్పుడు ముక్కంతా ఎంచుకుని, ఎంచుకున్న భాగాన్ని మాత్రమే ఎంపీ3గా 'ఎక్స్‌పోర్ట్' చేయండి. 128 కేబీపీఎస్ చాలు. 25 సెకన్ల ముక్క దాదాపు 400 కేబీ ఉంటుంది.

4. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, 'రింగ్‌టోన్స్' ఫోల్డరులో ఆ ఫైలు వేయండి.

5. ఫోనులో కాంటాక్ట్స్ తెరిచి, ఆ మనిషి పేరు దగ్గర 'సెట్ రింగ్‌టోన్' ఎంచుకోండి. ఈ సదుపాయం కనబడకపోతే ఆ నంబరు సిమ్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఫోనులోకి మార్చుకుంటే సరి. కొన్ని కీప్యాడ్ ఫోన్లలో ఈ వీలే ఉండదు.

పిల్లలు వాట్సాప్‌లో ఎక్కువగా చేస్తుంటే అందులో ఆ పేరుకు విడిగా ట్యూను పెట్టాలి. పాటల యాప్‌లలో దించుకున్నవి ఆ యాప్‌లోనే తెరుచుకుంటాయి కాబట్టి కోయడానికి పనికిరావు. కొనుక్కున్న సీడీ గానీ, ఎంపీ3 ఫైలు గానీ ఉండాలి. వ్యక్తిగత వాడకానికి 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను కొంత వెసులుబాటు ఇస్తుంది. కోసిన ముక్కల్ని పంచిపెట్టడం, అమ్మడం వేరే సంగతి.

ట్యూను తాళం కాదు

అవ్వకు ఒక్క మాట నేర్పండి. 'మనవాళ్ల పాట కాకుండా వేరేది మోగితే అది మనం పేరు రాసుకోని నంబరు. తొందరపడి ఎత్తొద్దు.' సగం మోసాలకు అక్కడే అడ్డుకట్ట పడుతుంది. అయితే ట్యూను గుర్తించేది నంబరునే, మనిషిని కాదు. కొడుకు వేరే ఫోను నుంచి చేస్తే మామూలు ట్యూనే మోగుతుంది. నంబరు మార్చి చూపించే మోసగాళ్లూ ఉన్నారు. కాబట్టి ఏ పాట మోగినా ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకూడదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

అన్నీ పెట్టాక ఫోను అవ్వకు ఇచ్చేసి ఊరుకోకండి. పక్క గదిలోంచి ఒక్కొక్కరి చేత చేయించి, 'ఇదెవరు?' అని అడగండి. ఆమె తడబడిన చోట ట్యూను మార్చండి. అది బాగుందో లేదో తేల్చాల్సింది మన చెవులు కాదు, ఆమె చెవులే.