పత్రాకూ ఒక చద్దర్ కావాలె

మార్చి సగమైందంటే సోలాపూర్ పూర్వ భాగంలో మన ఇళ్లల్లో రెండే మాటలు వినిపిస్తయి. ఒకటి, "ఈసారి పెద్ద కూలర్ తీసుకోవాలె." రెండోది, "ఈ పత్రా పీకేసి స్లాబ్ వేసేద్దాం." మా ఇంట్లో రెండో మాట రెండేండ్లుగా నడుస్తున్నది. ఒకప్పటి మా సాంచాల షెడ్డు ఇప్పుడు బండ్లు పెట్టుకునే గ్యారేజీ. దాని లోపల పైన చెక్క పలకల అటక, ఇక్కడి మాటలో మాళా. అటక మీద నేరుగా పత్రా. తాత వాడిన నాడెలు, అవ్వ రాట్నం, కండెల పెట్టెలు, పాత ఫోటోలు అన్నీ అక్కడే ఉన్నయి. మధ్యాహ్నం పూట అక్కడ పది నిమిషాలు నిలబడలేం.

మా అభిప్రాయం ఇక్కడ సూటిగా చెప్తున్నాం. షెడ్డు కూలగొట్టొద్దు. కూలర్ కూడా తర్వాత సంగతి. మొదటి రూపాయి కప్పుకే పెట్టాలె. ఆ పనిలో ఇనుము కోసే బ్లేడు దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు. ఈ రెండు సంగతులు కలిపి ఎందుకు చెప్తున్నామో చదివితే మీకే తెలుస్తుంది.

మన పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి నేత పనికి ఇక్కడికి వచ్చారు. అక్కడ వాళ్లు ఎరిగినవి గూన పెంకుటిండ్లు. ఇక్కడి పాత ఇండ్లు మాళవద్ ఇండ్లు, అంటే దూలాలు, వాటి మీద చెక్కలు, పైన మందంగా మట్టి. రెండూ చల్లగానే ఉండేవి. మట్టి మందంలో ఎండ ఆగిపోయేది, పెంకుల సందుల్లో గాలి ఆడేది. సాంచాలు వచ్చినంక వెడల్పైన కప్పు కావలసి వచ్చింది. తొందరగా పడేది, తేలికగా ఉండేది పత్రా. అరమిల్లీ మందం ఉన్న ఆ రేకు ఎండను ఎంతసేపు ఆపుతుంది? ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు ఉంటే, ఎండకు కాలిన రేకు దానికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడి సెగలాగా కిందికి దిగుతుంది. ఫ్యాను తిప్పితే ఆ వేడిగాలే మన మీద పడుతుంది. మన ఆడవాళ్లు చాలామంది ఇట్లాంటి కప్పు కిందనే బీడీలు చుడతరు. తంబాకు ఎగురుతుందని ఫ్యాను కూడా సరిగ్గా వేసుకోరు. కప్పు సంగతి సోకు కోసం మాట్లాడేది కాదని చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

ఇక స్లాబ్ సంగతి. "స్లాబ్ వేస్తే చల్లగా ఉంటది" అంటరు. పగలు కొంతవరకు నిజం. కానీ నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా వేడి మింగి, సాయంత్రం నుంచి మెల్లగా కక్కుతుంది. మనం పడుకునే వేళకు కప్పు ఇంకా కాలుతూనే ఉంటుంది. పత్రా ఎంత తొందరగా కాలుతుందో పొద్దు గుంకినంక అంత తొందరగా చల్లారుతుంది. ఆ గుణాన్ని మనం లెక్కలోకే తీసుకోం. ఇంకో అంతస్తు కావాలె, పునాది దానికి ఆనుతుంది అంటే స్లాబ్ వేసుకోండి, మేం వద్దనం. వేడి ఒక్కటే కారణమైతే మాత్రం అంత పెద్ద ఖర్చు అక్కర లేదు. నేల మీది స్లాబుకైనా పైన తెల్ల పూత లేకుంటే ఫలితం అంతంతే.

కప్పుకు ఏం చేయాలో మనకు కొత్తగా నేర్పనక్కర లేదు. చద్దర్ ఎందుకు వెచ్చగా ఉంటుంది? నూలు పోగుల మధ్య గాలి చిక్కుకుని కదలదు కాబట్టి. కదలని గాలి లోపలి వేడిని బయటికి పోనీయదు, బయటి వేడిని లోపలికి రానీయదు. గ్లాస్ ఊల్, రాక్ ఊల్ చేసే పని కూడా అదే. అందుకే రెండు అంగుళాల ఊల్‌ను అంగుళానికి నొక్కి ఇరికిస్తే సగం పైసలు గంగలో పోసినట్టే.

మేం చెప్పే వరస ఇది. ముందు పత్రా మీద రేకులకు పనికొచ్చే తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేయాలె. సున్నం స్లాబుకు పనికొస్తుంది, రేకు మీద నిలవదు. జింకు పూతకూ మంచిది కాదు. తర్వాత లోపలి నుంచి, రేకుకు అంగుళం సందు వదిలి, మెరిసే ముఖం ఆ సందు వైపు ఉండేట్టు ఫాయిల్ కట్టాలె. ఫాయిల్ రేకుకు తగిలిందంటే వేడి నేరుగా దాటుతుంది, మెరుపు ఉన్నా లేకున్నా ఒకటే. దాని కింద రెండు అంగుళాల రాక్ ఊల్ గానీ గ్లాస్ ఊల్ గానీ, దాని కింద బోర్డు. చివరగా గాలి దారి. కింద ఒక జాలీ, శిఖరం దగ్గర ఇంకో జాలీ ఉంటే వేడిగాలి తనంతట తాను పైనుంచి పోతుంది.

అటకలో మనుషులు కూర్చునేది ఉంటే ఇన్సులేషన్ కప్పు వాలు కింద వేయాలె. అక్కడ సామాను మాత్రమే ఉండి, కింది గది చల్లబడితే చాలనుకుంటే అటక పలకల మీద పరిస్తే సరిపోతుంది. మా అటకలో కట్టె సామాను, ఫోటోలు ఉన్నయి కాబట్టి వాలు కిందనే వేయాలంటున్నాం. పగలు కాలి రాత్రి చల్లారే చోట కట్టె పగుళ్లు బారుతుంది, ఫోటోలు పాడవుతయి. నాడెలను కాపాడుకుందాం అంటూ వాటి నెత్తిన కాలే రేకు ఉంచితే ఏం లాభం?

థర్మాకోల్ చవక, వేడినీ ఆపుతుంది, కాదనం. కానీ మంట అంటుకుంటే ఆగదు. బండ్లు, పెట్రోలు ఉండే షెడ్డులో పైన బోర్డు మూయకుండా థర్మాకోల్ పెట్టడం మాకు సమ్మతం కాదు. ఊల్ రెండు రకాలూ మండవు. పాత కరెంటు వైర్లను ఊల్ కింద పూడ్చేయొద్దు, అవి వేడెక్కుతయి. ముందు వైరింగు మార్చి, పైపులో వేసి, తర్వాత మిగతా పని. కింద ఇంజను పొగ పైకి రాకుండా అటక పలకల సందులు మూయాలె. తలుపు మూసి బండి స్టార్ట్ చేసి ఉంచడం ఎప్పుడూ పనికిరాదు.

ఇప్పుడు బ్లేడు. ఫాయిల్, ఊల్ నిలవాలంటే స్క్వేర్ పైపుల ఫ్రేము కావాలె, జాలీలకు పత్రా కోయాలె. మిస్త్రీ గ్రైండర్ తీస్తడు. పని చురుగ్గా అవుతుంది, నిజమే. కానీ సాంచాల షెడ్డు అటకలో దూలాల మీద, మూలల్లో ఏండ్ల నాటి దూది పీచు పేరుకుని ఉంటుంది. గ్రైండర్ రవ్వలు బారెడు దూరం ఎగురుతయి. ఒక్క రవ్వ ఆ పీచులో పడి గంటసేపు నిశ్శబ్దంగా రాజుకుని, మిస్త్రీ ఇంటికి పోయినంక మంటై లేవగలదు. అందుకే మా షరతు ఒక్కటే. గ్రైండర్ కింద వాకిట్లో, అటకలో హాక్సా మాత్రమే.

హాక్సా అంటే చాలామందికి చిన్నచూపు. తప్పు హాక్సాది కాదు, బ్లేడు ఎంపికది. బ్లేడు మీద 18, 24, 32 అని ఉంటుంది. అది అంగుళానికి ఎన్ని పళ్లో చెప్పే అంకె. సూత్రం ఒక్కటే. కోసే లోహం మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండాలె. అయిదారు మిల్లీల యాంగిల్‌కు 18 పళ్లది, మూడు నాలుగు మిల్లీల పట్టీకి 24ది, రెండున్నర మిల్లీల పైపుకు 32ది. పైపు గోడ ఇంకా పలుచనైతే 32దే వాడి, పళ్లు ఇరుక్కోకుండా మెల్లగా వాలుగా కోయాలె. పెద్ద పళ్ల బ్లేడు పలుచని పైపు మీద పెడితే అంచు పళ్ల మధ్య ఇరుక్కుని పళ్లు రాలిపోతయి. అరమిల్లీ రేకుకు ఏ హాక్సా బ్లేడూ సరిపోదు. దానికి పత్రా కత్తెర ఉంది. తప్పదంటే రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య రేకును బిగించి కలిపి కోయాలె.

మామూలు కార్బన్ స్టీల్ బ్లేడు కంటే బైమెటల్ బ్లేడుకు పైసలు ఎక్కువ. పళ్లు గట్టి స్టీలు, వెన్ను వంగే స్టీలు కాబట్టి ఠక్కున విరగదు. నిచ్చెన మీద నిలబడి కోసేటప్పుడు బ్లేడు విరిగితే చేయి ఎక్కడికి పోతుందో ఆలోచిస్తే ఆ తేడా ఎక్కువనిపించదు. పళ్లు ముందుకు చూడాలె, బ్లేడు పొడుగంతా వాడాలె, నిమిషానికి నలభై యాభై తోపులు చాలు.

రంగు పూత పత్రాను గ్రైండర్‌తో కోస్తే ఇంకో నష్టం. కోత వేడికి అంచున జింకు కాలిపోతుంది, ఎర్రటి రవ్వలు రంగులో అతుక్కుని, తడి తగిలితే కొన్నాళ్లకే తుప్పు చుక్కలై కనబడతయి. జింకు పొగ పీలిస్తే జ్వరం వచ్చినట్టు ఒళ్లు నొప్పులు కూడా వస్తయి. కత్తెరతో కోసినా అంచుకు జింక్ ప్రైమర్ రాయడం మర్చిపోవద్దు.

గ్రైండర్ వాడే వాకిట్లో కూడా మూడు సంగతులు చూడండి. వీల్ మీద రాసిన గరిష్ఠ వేగం గ్రైండర్ వేగం కంటే తక్కువ ఉండొద్దు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లకు పైగా తిరుగుతుంది. వీల్ నడుమ రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే పారేయాలె. కర్ర కోసే పళ్ల బ్లేడును గ్రైండర్‌కు బిగించి ఇనుము మీద పెట్టడం కొందరికి గొప్ప, అది ప్రాణం మీదికి తెచ్చే పని. కండ్లద్దాలు, గార్డు లేకుండా ఎవరినీ పని చేయనివ్వకండి. మిస్త్రీ మన ఇంటి మనిషి కాకపోవచ్చు, ఆయన కన్ను మాత్రం కన్నే.

ఒక్క చోట మాత్రం ఏ బ్లేడూ వద్దు. పాత షెడ్లకు సిమెంటు రేకులు కూడా ఉన్నయి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, డ్రిల్ వేసినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఏండ్ల తర్వాత క్యాన్సర్ కావచ్చు. అట్లాంటి రేకు ఉంటే దాన్ని ముట్టకుండా, కింద వేరే ఫ్రేము నిలబెట్టి ఇన్సులేషన్ చేయండి.

మన పెద్దల తెలంగాణలో 2023 ఏప్రిల్‌లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, అంతకు మించిన స్థలంలోని ఇండ్లకు చల్లని కప్పు తప్పనిసరి అన్నారు. మన పత్రా ఇండ్లు అంత పెద్దవి కావు, మనల్ని ఏ పాలసీ అడగదు. కాబట్టి మనమే అడుక్కోవాలె. ఎండ ఎక్కువ తగిలేది చిన్న ఇంటికే.

చిన్నాయనలకు, తమ్ముళ్లకు మేం చెప్పేది ఇదే. ఈసారి ఇంటి లెక్క రాసేటప్పుడు స్లాబ్ అంచనా పక్కన కప్పు అంచనా కూడా రాయించండి. పెయింటు, ఫాయిల్, ఊల్, బోర్డు, స్క్వేర్ పైపు, 24, 32 పళ్ల బైమెటల్ బ్లేడ్లు, ప్రైమర్, అన్నీ వేసి చూడండి. రెండు కాయితాలు పక్కపక్కన పెట్టినంక మాట్లాడుకుందాం. పనికి ముందు దూది పీచు ఊడ్చే బాధ్యత మాది.