కారు కబుర్లు: వెనక అద్దానికి దెబ్బ తగిలితే...

కిందటి సంచిక అందిన వారంలోనే ఒక పాఠకురాలు ఫోన్ చేశారు. "బాబాయ్ గారూ, టైర్ల గురించి రాశారు, బ్యాటరీ గురించి రాశారు, బాగానే ఉంది. మా వ్యాన్ వెనక అద్దానికి మూలన చిన్న పెచ్చు ఊడింది. అప్పుడెప్పుడో ముందు అద్దానికి ఇలాగే అయితే ఒకాయన ఇంటికే వచ్చి, అరగంటలో ఏదో జిగురు ఎక్కించి బాగుచేసి వెళ్ళాడు. దీనికీ అలాగే చేయించవచ్చా? లేక కొత్త అద్దమే వేయించాలా?" అని. ఆవిడకి అప్పుడే జవాబు చెప్పేశాను గానీ, ఈ అనుమానం మనలో చాలామందికి ఉన్నదే. పైగా మా డాలస్ చుట్టుపక్కల ఏటా వసంతంలో వడగళ్ళు తప్పవు. అందుకని ఈసారి మన శీర్షిక వెనక అద్దానికే.

ముందు అద్దం వేరు, వెనక అద్దం వేరు

చూడటానికి రెండూ గాజే. కానీ వాటి పుట్టుకే వేరు. ముందుండే విండ్‌షీల్డ్ ఒక అద్దం కాదు, రెండు. ఆ రెండిటి మధ్య మామిడి తాండ్ర పొరలాగా పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి అంటుకుని ఉంటుంది. దీన్ని లామినేటెడ్ గాజు అంటారు. రాయి తగిలితే బీట పడుతుంది గానీ ముక్కలు ఆ పొరకే అతుక్కుని ఉంటాయి, మన ఒళ్ళో పడవు. పై పొరలో మాత్రమే చిన్న దెబ్బ, క్వార్టర్ నాణెం కంటే చిన్నది అయితే, చాలాసార్లు అందులోకి రెజిన్ ఎక్కించి బాగుచేయవచ్చు.

వెనక అద్దం చాలా కార్లలో టెంపర్డ్ గాజు. ఇది ఒకటే పలక. దీన్ని 600 డిగ్రీల సెల్సియస్ పైన వేడిచేసి, కొలిమిలోంచి తీసీ తియ్యగానే రెండువైపులా చల్లగాలిని బలంగా కొడతారు. పై తోలు ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తరవాత నింపాదిగా చల్లారుతూ ముడుచుకోబోతుంది. ముందే గట్టిపడ్డ పైభాగం దాన్ని ముడుచుకోనివ్వదు. అందువల్ల పైన నొక్కుడు, లోపల లాగుడు శాశ్వతంగా ఉండిపోతాయి. ఈ పెనుగులాటే దాని బలం. అదే మందం ఉన్న మామూలు గాజు కంటే సుమారు నాలుగు రెట్లు గట్టిగా ఉంటుంది.

కానీ ఆ బలమే దాని బలహీనత కూడా. నొక్కుడు ఉన్న పై పొర మందం, ఒక్కో వైపు, మొత్తం మందంలో సుమారు అయిదో వంతే. దెబ్బ ఆ పొరని దాటి లోపలికి వెళ్ళిందా, బిగబట్టిన బలమంతా ఒక్కసారి విడుదలై అద్దం మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. పొడుగాటి కత్తుల్లాంటి ముక్కలు రాకుండా ఇలా పలుకులయ్యేలా చెయ్యడం మన క్షేమం కోసమే. అందుకే టెంపర్డ్ గాజుకి సగం బాగుచెయ్యడం అనేది లేదు. ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది. జిగురు పెట్టి అతుకుతానని ఎవరైనా అంటే ఒక నమస్కారం పెట్టి పంపించెయ్యండి.

కొన్ని కొత్త కార్లలో, ముఖ్యంగా ఖరీదైనవాటిలో, వెనకా లామినేటెడ్ గాజు వాడుతున్నారు. మీదేదో తెలుసుకోవడం తేలికే. అద్దం కింది మూలన చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది. చాలావాటి మీద "టెంపర్డ్" అనో "లామినేటెడ్" అనో అక్కడే రాసి ఉంటుంది.

పిల్లల కోసం ఒక ముచ్చట

పిల్లలూ, ఈ పేరా మీది. కరిగిన గాజుని చల్లటి నీళ్ళలోకి ఒక చుక్క జారవిడిస్తే, లావు పొట్టా సన్నటి తోకా ఉన్న చేపపిల్లలాగా గట్టిపడుతుంది. దీన్ని ప్రిన్స్ రూపర్ట్ చుక్క అంటారు. 1660లలో లండన్లోని రాయల్ సొసైటీ పండితులు దీన్ని చూసి ముక్కున వేలేసుకున్నారు. ఎందుకంటే పొట్ట మీద సుత్తితో కొట్టినా తట్టుకుంటుంది, కానీ తోక కొస కాస్త విరిచారో, చుక్క మొత్తం కంటికి అందనంత వేగంగా పొడైపోతుంది! మీ కారు వెనక అద్దం ఆ చుక్కకి చుట్టమే. దాని తోక ఎక్కడుందో తెలుసా? అంచుల్లో. అద్దం నడిమధ్యన తగిలిన దెబ్బకంటే అంచున తగిలిన చిన్న దెబ్బే ప్రమాదం. (ఈ ప్రయోగం ఇంట్లో చెయ్యకూడదు. అమ్మ నన్ను తిడుతుంది.)

మరి ఎప్పుడు మార్చాలి?

నేను మూడు గంపలుగా విడదీసి చెబుతాను.

మొదటి గంప, తొందర లేనివి. గోరుతో గీస్తే గోరు తట్టుకోని పైపై గీతలు. అద్దం లోపలివైపు కనిపించే సన్నటి అడ్డగీతల్లో ఒకటో రెండో పనిచెయ్యకపోవడం. ఈ గీతలు డిఫ్రాస్టర్‌వి. కరెంటు ప్రవహించే వెండి పూతని గాజు మీద కాల్చి అంటిస్తారు. ఏ గీత తెగిందో తెలియాలంటే, అద్దానికి ఆవిరి పట్టిన ఉదయం డిఫ్రాస్టర్ వేసి చూడండి. మసక వదలని గీత ఏదో అదే. ఆటో పార్ట్స్ కొట్లలో విద్యుత్తు ప్రవహించే పెయింటు చిన్న సీసాలో దొరుకుతుంది. తెగినచోట అది పూస్తే చాలు, దానికోసం అద్దం మార్చనక్కర్లేదు. అన్నట్టు, ఈ గీతలు తెగేది ఎక్కువగా ఎందువల్లో తెలుసా? మనం లోపలివైపు అంటించే ఓం స్టిక్కర్లూ, పిల్లల కాలేజీ స్టిక్కర్లూ బ్లేడుతో గీకడం వల్ల. స్టిక్కరు వద్దనను, గీతల మీద మాత్రం వద్దంటాను.

రెండో గంప, ఆ వారంలో చూపించవలసినవి. గోరు తట్టుకునేంత లోతైన గీత. అంచున ఊడిన పెచ్చు. వాన పడ్డాక డిక్కీలో తడి, ముక్క వాసన, అంటే అద్దం చుట్టూ ఉన్న జిగురు వదులుతోందని అర్థం. లామినేటెడ్ అయితే పాకుతున్న బీట. మంచు కురిసే రాష్ట్రాల్లో ఉండేవాళ్ళకి సగం డిఫ్రాస్టర్ పనిచెయ్యకపోవడం కూడా ఈ గంపలోదే. పెచ్చు ఊడినా అద్దం నిలబడి ఉందంటే దెబ్బ లోపలి పొరకి ఇంకా చేరలేదన్నమాట. రేపు గడ్డకట్టే చలిలో డిఫ్రాస్టర్ వేసినప్పుడో, డిక్కీ తలుపు దబ్బున వేసినప్పుడో చేరవచ్చు. ఈలోగా ఆ అద్దం మీద వేడినీళ్ళు పొయ్యకండి, తలుపు నెమ్మదిగా వెయ్యండి.

మూడో గంప, ఆరోజే మార్చవలసినవి. అద్దం రాలిపోతే ఇక చెప్పేదేముంది. కానీ ఒక్కోసారి పలుకులైన అద్దం పైన అంటించిన టింట్ ఫిల్మ్ పట్టుకోవడంవల్ల రాలకుండా సాలెగూడులా నిలబడి ఉంటుంది. "నిలబడే ఉందిగా, నెలాఖరుకి చూద్దాం" అనుకుంటారు మనవాళ్ళు. అది నిలబడ్డ అద్దం కాదు, వేలాడుతున్న గాజు పలుకుల మూట. ఒక్క గతుకు చాలు.

చెత్తసంచీ, టేపు, ప్రయాణం

ఒక శుక్రవారం సాయంత్రం మా మిత్రుడి వ్యాన్ వెనక అద్దం, పక్కింటి గడ్డి మిషను విసిరిన రాయి తగిలి మొత్తం రాలిపోయింది. తెల్లారితే హ్యూస్టన్లో గృహప్రవేశం. సుమారు 240 మైళ్ళ దారి. నేను వెళ్ళేసరికి ఆయన నల్ల చెత్తసంచీ కోసి, టేపు వేసి కట్టేస్తున్నాడు. పిల్లలిద్దరి సీట్లూ మూడో వరసలో. ఆ వరసకీ అద్దానికీ మధ్య జానెడు దూరం.

"నాలుగు గంటలే కదండీ, సోమవారం వేయించేస్తాను" అన్నాడు.

నేను చెప్పింది ఇది. కారు పరిగెత్తుతున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. సొంత గొట్టంలోంచి వచ్చిన పొగ అక్కడే సుడి తిరుగుతూ, కన్నం దొరికితే లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, ఆ పైన మగత. పిల్లలు వెనక నిద్రపోతుంటే ప్రయాణ బడలిక అనుకుంటాం. డిక్కీ తలుపు తెరిచి నడపవద్దని కార్ల పుస్తకాల్లో హెచ్చరిక రాసేది ఇందుకే. టేపు వేసిన సంచీ హైవే వేగానికి పది మైళ్ళు కూడా ఆగదు. పోనీ పిల్లల్ని ముందు కూర్చోబెడదామా అంటే, ఎయిర్‌బ్యాగ్ వల్ల 13 ఏళ్ళలోపు వాళ్ళు వెనకే కూర్చోవాలి. అంటే వెనక అద్దం లేని కారు పిల్లలు ఎక్కదగ్గ కారు కాదు. లెక్క అంత సూటిగా ఉంది.

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే, తెనాలి నుంచి వచ్చిన వాళ్ళ అమ్మగారు గుమ్మంలోంచే అందుకున్నారు. "ఒరే, గోతం కట్టుకుని పిల్లల్ని ఎక్కించుకుపోవడానికి ఇదేమన్నా ధాన్యం బండా?" అని. అంతే, వాదన ముగిసింది. రాత్రికి రాత్రి అద్దె కారు తీసుకున్నారు, ముహూర్తానికి అందుకున్నారు.

ఎలక్ట్రిక్ కారు వాళ్ళు మాకు పొగ లేదుగా అనవచ్చు. మీ పొగ లేదు, పక్క లారీది ఉంది. గాజు పలుకులూ, వానా ఎలాగూ ఉన్నాయి. ఇంకో సంగతి. 1986 మోడల్ నుంచి అమెరికాలో ప్యాసింజర్ కార్లకి మూడో బ్రేకు దీపం తప్పనిసరి. చాలా సెడాన్లలో అది వెనక అద్దం లోపలే ఉంటుంది. నల్ల సంచీ కడితే ఆ దీపం మాయం. 2018 మే నుంచి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా ఉండాలన్నారు, నిజమే. కానీ అది రివర్సు చెయ్యడానికి. హైవే మీద వెనక వచ్చేవాణ్ణి చూడటానికి అద్దమే గతి.

షాపు దాకా మీరొక్కరే నడపక తప్పకపోతే, పారదర్శకమైన ప్లాస్టిక్ కట్టి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, ఫ్యాన్ పెంచి, చిన్న రోడ్ల మీద నెమ్మదిగా వెళ్ళండి. అంతకంటే ఇంటికే వచ్చి అద్దం వేసేవాళ్ళని పిలవడం మేలు. పిల్లల సీట్లు మాత్రం మర్చిపోకండి. బకిల్ సందుల్లో గాజు పలుకులు దాక్కుంటాయి. సీటు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, వాడవచ్చో లేదో కంపెనీనే అడగండి.

ఇన్సూరెన్సు, కొత్త అద్దం

వడగళ్ళు, ఎగిరొచ్చిన రాయి, దొంగలు పగలగొట్టడం, ఇవన్నీ కాంప్రహెన్సివ్ కిందికి వస్తాయి. రివర్సులో స్తంభానికి కొట్టుకుంటే అది కొలిజన్. రెండిటికీ డిడక్టబుల్ వేరుగా ఉండవచ్చు. మీ డిడక్టబుల్ 500 డాలర్లై, అద్దానికి 400 అయితే క్లెయిము వల్ల పైసా రాదు, కాబట్టి ముందు ధర కనుక్కోండి. ఫ్లోరిడాలో కాంప్రహెన్సివ్ ఉన్నవాళ్ళకి విండ్‌షీల్డ్‌కి డిడక్టబుల్ లేదని విని, వెనక అద్దమూ ఉచితమే అనుకోకండి. ఆ చట్టం ముందు అద్దానికే. తుడవకముందే ఫొటోలు తీసుకోండి. ఎవరైనా పగలగొడితే పోలీసు రిపోర్టు ఇవ్వండి.

షాపుకి ఫోన్ చేసేటప్పుడు 17 అక్షరాల విన్ నంబరు చేతిలో పెట్టుకోండి. డిఫ్రాస్టర్, రేడియో యాంటెనా, వైపరు కన్నం, రంగు, ఇవన్నీ పాతదానితో సరిపోవాలి. ఫ్యాక్టరీ రంగు గాజులోనే ఉంటుంది, మీరు వేయించుకున్న ఫిల్మ్ మాత్రం మళ్ళీ వేయించుకోవలసిందే. అద్దం వేశాక జిగురు ఆరడానికి ఎంతసేపు ఆగాలో అడిగి, అంతసేపూ ఆగండి. జిగురునిబట్టీ వాతావరణాన్నిబట్టీ అది గంట కావచ్చు, ఒకరోజు కావచ్చు. ఆరోజుకి ఒక కిటికీ వేలెడు దించి ఉంచండి, తలుపులు దబ్బున వెయ్యకండి, కార్‌వాష్ జోలికి పోకండి. డబ్బు ఇచ్చేముందు డిఫ్రాస్టర్, రేడియో, బ్రేకు దీపం మూడూ వేసి చూసుకోండి.

పిల్లలూ, ఈ శనివారం మీకు హోంవర్కు. నాన్నగారి కారు వెనక అద్దం మూలన ఉన్న ముద్ర చదివి, అది టెంపర్డో లామినేటెడో రాసి పంపండి. పనిలోపని, అంచుల చుట్టూ ఎక్కడైనా పెచ్చు ఊడిందేమో వేలు పెట్టకుండా కళ్ళతోనే చూసి నాన్నగారికి చెప్పండి. వచ్చే సంచికలో వైపర్ల సంగతి మాట్లాడుకుందాం. అందాకా సెలవు.