నిర్గమకథను సగము చదివినవారు

మా యెల్లారెడ్డి ప్రాంతమున మాల మాదిగ కుటుంబములు క్రైస్తవమున జేరిన ముచ్చట వచ్చినపుడెల్ల విద్యావంతులగు పెద్దలు పెదవి విఱుతురు. కూటికై మతము విడిచిరి, మోక్షచింత వారికెక్కడిదని వారి వాదము. చిత్రమేమన, కొందఱు ఉపదేశకులును దీనికే తలయూపి, రక్షణము ఆత్మకు మాత్రమే సంబంధించినదనియు, వెట్టియు ఆకలియు దానికి వెలుపలి సంగతులనియు బోధింతురు. ఉభయులును గ్రంథమును సరిగా చదువలేదని మా యభియోగము.

మోక్షపదము ముచ్ ధాతువునుండి పుట్టినది. మనకది జననమరణ చక్రమునుండి విడుదల. తెలుగు బైబిలునందలి రక్షణము అట్టిది కాదు. దాని వెనుకనున్న హెబ్రీ మాటకు ఆపదనుండియు శత్రువునుండియు తప్పించుట యని యర్థము. యేసను పేరే ఆ ధాతువునుండి వచ్చినది. నిర్గమకాండమును తెఱచి చూడుడు. ఐగుప్తున ఇశ్రాయేలీయులు ఫరోకు ఇటుకలు చేయుచుండిరి. పండుగకు సెలవడిగినందుకు గడ్డి యిచ్చుట మానిరి, ఇటుకల లెక్క తగ్గింపలేదు, లెక్క తగ్గినచో కొట్టిరి. దేవుడు వారి మొఱ విని సముద్రము దాటించెను. ఆ దాటించుటకే గ్రంథము రక్షణమని పేరిడినది. ఆ ఘట్టమున వారి పాపముల ప్రసక్తియే లేదు.

ఈ కథ లేనిదే క్రైస్తవము లేదు. యేసు మరణించినది పస్కా పండుగ దినములలో. పౌలు ఆయనను పస్కా బలిగా చెప్పెను. లూకా తొమ్మిదవ అధ్యాయమున మోషే, ఏలీయాలు ముచ్చటించినది యేసు మరణమును గూర్చియే యైనను, గ్రీకు మూలమున దానికి వాడిన మాట నిర్గమమే. తెలుగు అనువాదకులును ఆ మాటనే నిలిపిరి. దాస్యవిమోచనముపై కట్టిన మేడయే పాపవిమోచనము. పునాదిని త్రవ్వివేసి మేడను నిలుపుదుమనువారి నేమనవలయును?

యజమానులు ఈ కథ బలమును మనకంటె బాగుగ నెఱిగిరి. 1807లో వెస్టిండీసు బానిసలకొఱకు లండనున ముద్రించిన బైబిలునుండి ఐగుప్తు విడుదల కథను తొలగించిరి!

నిజాము రాజ్యమున వెట్టి యెట్టిదో మా తాతలెఱుగుదురు. దొర గడీకి మాల బరువు మోయవలె, మాదిగ చెప్పులు కుట్టి యూరక యీయవలె, కూలి యడుగరాదు. అట్టివాడు ఫరో కథ విని యది తన కథ యనుకొనుట యజ్ఞానమా? మాకు ఆగ్నేయముననున్న మెదకులో వెస్లియన్ మిషనరీ చార్లెసు వాకరు పాస్నెట్టు కట్టించిన గొప్ప దేవాలయము 1924లో ప్రతిష్ఠింపబడినది. కరువులో పనిచూపి యన్నము పెట్టిన కట్టడముగా జనులు దానిని చెప్పుకొందురు. అది యెర యని మనవారందురు. ఎర యనియే యనుకొందము, ఆకలిని పెంచినవారెవరు?

ఈ కథకు మచ్చ లేదనుట లేదు. విడుదలపొందినవారే కనాను జనులపై కత్తి దూసిరి. మన సంఘములలోను మాల మాదిగ తారతమ్యము తలుపు త్రోసికొని వచ్చినది.

ఇక పాలకుల పాండిత్యము చూడుడు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల పట్టికను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెఱచిరి, క్రైస్తవులకు తెఱవలేదు. బాప్తిస్మము పొందిననాడే అంటరానితనము నీటిలో కొట్టుకొనిపోయెనని కాబోలు వారి లెక్క. ఊరిలో మాత్రము వానిని పాత కులము పేరుతోనే పిలుచుచున్నారు.