ఫ్యాను ఎక్కించే ముందు

బదిలీ ఇంట్లో చివరిగా దిగేదీ, కొత్త ఊళ్లో మొదటగా ఎక్కేదీ సీలింగు ఫ్యానే. పిల్లలూ, మీకిది కొత్త సంగతి కాదు. అట్టపెట్టెలు విప్పకపోయినా ఫరవాలేదు, ఆ రాత్రి ఫ్యాను మాత్రం తిరగాలి. ఆ తొందరే ప్రమాదమని మా అభిప్రాయం.

సీతారాండేరాలో మేము అద్దెకు దిగింది మే నెలలో. జంషెడ్‌పూర్‌లో అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మిస్త్రీ రేపు వస్తానన్నాడు. మేము ఆగలేదు. స్విచ్చి ఆపి, స్టూలు ఎక్కాం. పక్కింటి తాతగారిది శ్రీకాకుళం వైపు. కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. గుమ్మంలో నిలబడి, "మెయిను కట్టీసినారేటి బాబూ?" అన్నారు. స్విచ్చి ఆపాం కదా అన్నాం. ఆయన మాట్లాడకుండా వెళ్లి టెస్టరు తెచ్చారు. తీగకు ఆనిస్తే వెలిగింది!

ఆ ఇంట్లో ఎవరో స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రలుకు కలిపారు. అలాంటప్పుడు స్విచ్చి ఆపితే ఫ్యాను ఆగుతుంది గాని, తీగలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. అందుకే మెయిను ఆపాలి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి. ఆ తర్వాత కూడా టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. తాతగారి వరస ఇదే.

తర్వాత కొక్కెం. ఫ్యాను బరువు నాలుగైదు కిలోలే కావచ్చు, కానీ తిరిగేటప్పుడు ఊగుతూ లాగుతుంది. కొక్కెం తుప్పుపట్టి సన్నబడినా, చుట్టూ సిమెంటు పగిలినా దానికి ఫ్యాను తగిలించకూడదు. బోల్టుకు నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని కాళ్లు విడదీయాలి. రూపాయో రెండో చేసే ఆ పిన్ను సామాన్లలో పోతుంది. అంతకుముందు ఊళ్లో అలాగే పోతే మేము మేకు వంచి పెట్టాం. ఏడాది తిరిగింది. దించేటప్పుడు చూస్తే మేకు జారిపోయి ఉంది, నట్టు సగం ఊడి ఉంది. కింద మా పాప మంచం.

మూడు రెక్కలూ ఒకే సెట్టువి కావాలి. రెండు ఫ్యాన్ల రెక్కలు కలిసిపోతే ఎంత బిగించినా వణుకు పోదు. ఆకుపచ్చ తీగను ఎర్తుకు కలపకుండా చుట్టచుట్టి గిన్నెలో దాచేసే మిస్త్రీలను మేము చాలా ఊళ్లలో చూశాం.

ఇవన్నీ పిల్లలకెందుకని తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. స్టూలు ఎక్కమని మేమూ చెప్పం. అది ఎలక్ట్రీషియన్ పని. కానీ పని అయ్యేదాకా ఎవరూ మెయిను వేయకుండా అక్కడ ఒకరు నిలబడాలి. ఆ కాపలా మీరు కాయవచ్చు. "పిన్ను పెట్టారా?" అని అడగడానికి వయసుతో పనిలేదు. పెద్దవాళ్లు విసుక్కున్నా అడగండి.

ఇంకొకటి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఆ ఇంటి లోపాలు తర్వాత వచ్చేవాళ్లకు చెప్పి వెళ్లాలి. మనలాంటి కుటుంబాలు ఒకరి వెనక ఒకరు అవే గదుల్లో ఉంటాయి. సీతారాండేరా వదిలేటప్పుడు మెయిను బోర్డు తలుపు లోపల ఒక చీటీ అంటించాం: "ముందు గది స్విచ్చి సరిచేయించాం. వెనక గది కొక్కేనికి తుప్పు. ఫ్యాను వేయకండి." హిందీలో రాసి, కింద తెలుగులోనూ రాశాం. తెలుగు ఎందుకని ఇంటాయన నవ్వారు. జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదండీ అన్నాం.