ఆ ఒక్క పాయింటు

మా హాస్టల్లో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు రెండే రకాలు. బార్సిలోనా వాళ్ళు, రియల్ మాడ్రిడ్ వాళ్ళు. మూడో జట్టు పేరెత్తితే "అదెక్కడిది రా?" అని నవ్వుతారు. అందుకే ఈసారి ఆ మూడో జట్టు గురించే రాద్దామనుకున్నా.

2013-14 లా లిగా సీజన్. అప్పటికి మనలో చాలామందిమి ఇంకా చిన్న క్లాసుల్లోనే ఉన్నాం. నేనూ లైవ్‌లో చూడలేదు. మొన్న సెమిస్టర్ సెలవుల్లో పాత మ్యాచ్‌లు వెతుక్కుని చూశాను.

2004లో వలెన్సియా గెలిచాక తొమ్మిది సీజన్ల పాటు కప్పు ఆ రెండు పెద్ద జట్ల చేతులే మారింది. వింతేం లేదు. అప్పట్లో స్పెయిన్‌లో టీవీ హక్కులు ఏ క్లబ్బుకి ఆ క్లబ్బే అమ్ముకునేది. ఆ రెండింటికీ దక్కేదాంట్లో అట్లెటికో మాడ్రిడ్‌కి సగం కూడా వచ్చేది కాదు. పైగా ఆ సీజన్ ముందే వాళ్ళ గోల్ మెషీన్ ఫాల్కావోని మొనాకోకి అమ్మేశారు. ఇక అయిపోయినట్టే అనుకున్నారు అందరూ.

కోచ్ సిమియోనే మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు: ఏ మ్యాచ్‌కి ఆ మ్యాచ్. టేబుల్ గురించి అడిగినా అదే జవాబు. 1995-96లో అట్లెటికో చివరిసారి లీగ్ గెలిచినప్పుడు ఆయన ఆ జట్టులో ఆటగాడు. ఆ తర్వాత 2000లో క్లబ్బు రెండో డివిజన్‌కి పడిపోయి, అక్కడే రెండేళ్ళుంది.

లెక్కలు చూడండి. ఆ సీజన్‌లో రియల్ 104 గోల్స్ కొట్టింది, బార్సిలోనా 100. అట్లెటికో కొట్టినవి 77. కానీ ఇచ్చుకున్నవి 26 మాత్రమే, లీగ్ మొత్తంలో అందరికన్నా తక్కువ. అంటే వాళ్ళు గెలిచింది మెరుపులతో కాదు, తప్పులు తగ్గించుకుని.

2014 మే 17. క్యాంప్ నౌలో ఆఖరి మ్యాచ్. అట్లెటికోకి 89 పాయింట్లు, బార్సిలోనాకి 86. బార్సిలోనా గెలిస్తే పాయింట్లు సమానం. అప్పుడు ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లు లెక్కలోకొస్తాయి. మొదటిది 0-0 కాబట్టి కప్పు బార్సిలోనాదే. అట్లెటికోకి డ్రా చాలు, కానీ అదే కష్టం. మొదటి అరగంట కాకుండానే డియెగో కోస్టా, ఆర్దా తురాన్ ఇద్దరూ గాయాలతో బయటికెళ్ళిపోయారు. 33వ నిమిషంలో అలెక్సిస్ సాంచెజ్ గోల్. రెండో సగం మొదలైన కాసేపటికే గాబి కార్నర్ వేశాడు, గోదిన్ తలతో కొట్టాడు. 1-1. ఆ తర్వాత దాదాపు నలభై నిమిషాలు కాపలా. విజిల్ పడ్డాక ఓడిన బార్సిలోనా అభిమానులే లేచి చప్పట్లు కొట్టారు. అది చూసి నా రూమ్మేట్, పక్కా బార్సిలోనా వాడు, కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇక్కడితో ఆపితే ఇది "కష్టపడితే సాధించలేనిది లేదు" అనే వాట్సాప్ స్టేటస్ అయిపోతుంది. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఆ వేసవిలోనే కోస్టా, ఫిలిపే లూయిస్ చెల్సీకి వెళ్ళిపోయారు. గోల్‌కీపర్ కూర్తువా అరువు మీద వచ్చినవాడే, వాడూ అక్కడికే తిరిగెళ్ళాడు. గెలిచినా గ్రౌండ్ సమానం కాలేదు. 2015లో స్పెయిన్ ప్రభుత్వం చట్టం మార్చి, హక్కులన్నీ కలిపి అమ్మి, మొదటి డివిజన్ వాటాలో సగం అన్ని క్లబ్బులకీ సమానంగా పంచాలంది. "అట్లెటికో గెలిచిందిగా, పాత పద్ధతి బానే ఉంది" అని ఊరుకోలేదు. నాకు నచ్చింది అదీ.

ఎందుకంటే మన దగ్గర సరిగ్గా ఆ మాటే అంటారు. ప్లేస్‌మెంట్ సీజన్ రాగానే పెద్ద ప్యాకేజీ కొట్టిన ఒక సీనియర్ ఫోటోతో ఫ్లెక్సీ వేలాడుతుంది. "ఆయన సాధించాడు, నువ్వెందుకు సాధించలేవు?" ఆ అన్నకి థర్డ్ ఇయర్ దాకా లాప్‌టాప్ లేదని, రోజూ ల్యాబ్ మూసేదాకా అక్కడే కూర్చునేవాడని వాళ్ళ బ్యాచ్ వాళ్ళు చెప్తారు. ఫ్లెక్సీ మీద అది ఉండదు. ల్యాబ్ ఇప్పటికీ ఐదింటికే మూసేస్తారు.

అన్నని చూసి కష్టపడదాం, తప్పులేదు. కానీ ఒక్కడు దాటాడని గోడ ఎత్తు తక్కువని కాదు కదా. ఫ్లెక్సీకి పెట్టిన శ్రద్ధలో కొంచెం పెట్టి, ల్యాబ్ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచమనండి. లాప్‌టాప్ లేనివాళ్ళు ఈ ఏడాది బ్యాచ్‌లో కూడా ఉన్నారు.