మన యెండ – వారి మంచు



టొరాంటోలో కాపురమున్న మా చెల్లెలి కూతురు ఏటేట పుష్యమాసమున మంచు కప్పిన వీధుల పటములు పంపుచుండును. ఇంటిల్లిపాదియు వానిని చూచి మురిసిపోవుదుము. మొన్న చైత్రమున ఆమె యేడేండ్ల బిడ్డ మన సీమ యెట్లుండునో చూపుమని యడిగినది. నేను ముచ్చటపడి జమ్మలమడుగు చెంతనున్న గండికోటకు పోయి, పట్టపగలు పండ్రెండు గంటలకు పెన్న గండిని ఫొటో తీసి పంపితిని. “అమ్మమ్మా, అక్కడ ఏమీ లేదా?” అని జవాబు వచ్చినది. ఆ మాట నాకు ములుకువలె నాటినది.

ఏమియు లేకపోవుట యేమి! ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పోవు పెన్న, నిలువున తెగిన ఎఱ్ఱరాతి గోడలు, వాని యంచున కోట, కోటలో మాధవరాయని గుడి, జుమ్మా మసీదు – ఇన్నియు నున్నవి. తప్పు సీమది కాదు. నే నెంచుకొనిన వేళది.

కొండకు రూపమిచ్చునది నీడ. కడపలో ఏప్రిలు తుదిని, ఆగస్టు నడుమను సూర్యుడు మధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. నీడ కాలిక్రిందనే యణగిపోవును. అప్పుడు తీసిన పటమున లోయకు లోతుండదు, రాతికి మడత యుండదు. టొరాంటోలో నన్ననో డిసెంబరు తుదిదినములలో మిట్టమధ్యాహ్నమునను సూర్యుడు దిగంతమునకు 23 డిగ్రీలకు మించి పైకి రాడు. పగలంతయు నీడలు పొడుగే. మనకు ప్రొద్దుపొడిచిన గంటన్నరకు సూర్యుడెంత యెత్తున నుండునో, వారికి నడిపగటను అంతే. వారి పటముల యందమున సగపాలు ఆ యేటవాలు వెలుగుది. మనకది ఉదయసాయంకాలములందు మాత్రమే దొరకును. కర్నూలు చెంతనున్న ఓర్వకల్లు బండలకును ఇదే న్యాయము.

మఱియొక మాట. కెమేరాకు మన కంటికున్న వివేకము లేదు. ఎదుట నిండుగా తెలుపున్నను నలుపున్నను దానిని నడిమి బూడిదవన్నెగా నెంచును. అందుచే మంచు మాసిన బట్టవలె వచ్చును. కడపబండలు పఱచిన వాకిలి వెలిసినట్లు వచ్చును. మంచును తీయువారు వెలుగును కొంత హెచ్చింపవలెను. నల్లబండను తీయు మనము తగ్గింపవలెను. పెక్కు సెల్‌ఫోనులలో తెరను వ్రేలితో తాకి, అచట కనబడు సూర్యుని గుర్తును పైకో క్రిందికో జరిపిన చాలును.

సాధనములు చాలవని వగవకుడు. గాజుపలకకు మందు పూసి, తడి యారకమునుపే పటము తీసి కడుగవలసిన ఆ రోజులలో, 1866లో, శామ్యూల్ బోర్న్ హిమాలయములలో 18,000 అడుగులకు పైనున్న మనిరంగ్ కనుమను ఫొటో తీసెను. మనకు వలసినది వేకువను లేచు నోపిక మాత్రమే.

వైశాఖమున మా వదినగారిని వెంటబెట్టుకొని మరల గండికోటకు పోతిని. ప్రొద్దుపొడుపున నొక గోడ కుంకుమవన్నెగా వెలిగెను. రెండవదాని నీడ నీటివఱకు జారెను. అంచునకు దూరముగా నొక బండపై వదినగారిని నిలిపితిని. మనిషి ప్రక్కన లేనిది గండి యెంతటిదో తెలియదు గదా!

ఈమారు జవాబు వెంటనే వచ్చినది: “ఆ అమ్మమ్మ నిలుచున్న రాయి నాకు చూపిస్తారా?”

మీరును మీ యూర మిట్టమధ్యాహ్నమున ఏమియు లేదనిపించిన గట్టునొకదానిని ప్రొద్దుపొడుపున మరల చూడుడు. పిదప ఫొటో తీయుడు.