ప్రభావం కాదు, పని

డాన్సు గురించీ సంగీతం గురించీ మనవాళ్ళు రాసే వ్యాసాల్లో నాకు అస్సలు పడని మాట ఒకటుంది: "ప్రభావం". ఫలానా ఆయన ప్రభావం ఫలానా ఆవిడ మీద ఉంది అంటాం. ఎవరు ఎవరికి నేర్పారు, డబ్బులెవరిచ్చారు, ప్రోగ్రామ్ కాగితం మీద ఎవరి పేరు అచ్చయింది, ఇవేవీ చెప్పక్కర్లేకుండా ఆ ఒక్క మాటతో గట్టెక్కేస్తాం. వానలాగా, ఎండలాగా అదేదో దానంతటదే పడుతుందన్నట్టు. బడీ బ్రాడ్లీ విషయంలో ఈ మాట వాడటం అబద్ధమాడటమే అని నా వాదన.

బ్రాడ్లీ పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్‌లో పుట్టిన నల్లజాతి టాప్ డాన్సర్. టాప్ అంటే బూటు అడుగున ముందూ వెనకా లోహపు బిళ్ళలు, నేలే వాయిద్యం. 1920ల చివర్లో న్యూయార్క్‌లో బిల్లీ పియర్స్ స్టూడియోలో బ్రాడ్వే తారలకి డాన్సులు కట్టి నేర్పేవాడు. అడెల్ అస్టేర్, రూబీ కీలర్, క్లిఫ్టన్ వెబ్ లాంటి తెల్లవాళ్ళు అక్కడికొచ్చి నేర్చుకున్నారు. జాజ్ రికార్డు పెట్టుకుని, పాట వరసని వదిలేసి, సోలో వాయించేవాడి ఒత్తులు ఎక్కడ పడుతున్నాయో విని, వాటి మీద అడుగులు కూర్చటం అతని పద్ధతి. తాళం పడే చోట అడుగెయ్యటం ఎవరికైనా వస్తుంది. పడని చోట వేసి, మళ్ళీ తాళానికి దొరకటంలో ఉంది విద్య. కాళ్ళలో అంత సత్తా లేని తారలకి కష్టమైన టాప్ తగ్గించి, ఆ లయని ఒంట్లోకి, భుజాల్లోకి, నడుములోకి తెచ్చేవాడు. అంటే ఎదుటి మనిషి కొలతలు తీసుకుని కుట్టిన బట్ట. దీన్ని ప్రభావం అంటామా?

పేరు సంగతికొద్దాం. 1928 గ్రీనిచ్ విలేజ్ ఫాలీస్‌కి డాన్సులన్నీ తనే మళ్ళీ కట్టానని, ప్రోగ్రామ్‌లో మాత్రం బస్బీ బర్క్‌లీ పేరు ఉండిపోయిందని బ్రాడ్లీ తర్వాత మార్షల్, జీన్ స్టెర్న్స్ దంపతులకి చెప్పాడు. 1930లో నిర్మాత చార్లెస్ కాక్రన్ 'ఎవర్ గ్రీన్' షో కోసం అతన్ని లండన్ రప్పించాడు. 1932లో ఫ్రెడరిక్ ఆష్టన్‌తో కలిసి 'హై యెల్లో' అనే బాలే చేశాడు. 1934లో 'ఎవర్‌గ్రీన్' సినిమాగా వచ్చినప్పుడు, జెస్సీ మాథ్యూస్ డాన్సులు కట్టింది ఎవరో తెర మీదే వేశారు. పేరు వేసిన ఊళ్ళోనే దశాబ్దాలు ఉండిపోయి, స్కూలు నడిపాడు. చివరికి న్యూయార్క్ తిరిగొచ్చి 1972లో పోయాడు. అప్పటి లండన్‌లో జాతివివక్ష లేదని నేననటం లేదు. పేరు వెయ్యటం అసాధ్యమేమీ కాదని మాత్రం అంటున్నాను. వేద్దామనుకున్నవాళ్ళు వేశారు.

"డబ్బులు పుచ్చుకున్నాడు కదా, ఇంకేం కావాలి?" అంటారు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఈ వాదన నాకు బాగా తెలుసు. నేను రాసిన కోడ్ కంపెనీదే, ఒప్పుకునే సంతకం పెట్టాను. కానీ మా పనిలో గిట్ అని ఒకటుంది. ఏ లైను ఎవరు, ఏ రోజు రాశారో అడిగితే చెప్తుంది. ఆ కమాండ్ పేరు బ్లేమ్, అంటే నింద. తప్పెవరిదో పట్టుకోటానికి పెట్టిన పేరే అయినా పనెవరిదో కూడా అదే చెప్తుంది. జీతం నిన్నటి పనికి వస్తుంది. రేపటి పని పేరుని బట్టి వస్తుంది. బ్రాడ్లీకి మొదటిది ఇచ్చి రెండోది ఎగ్గొట్టారు.

ఇంకో వాదన దీనికంటే తెలివైంది: "టాప్ జనం కళ. హార్లెమ్ హూఫర్స్ క్లబ్‌లో వాళ్ళూ ఒకళ్ళ స్టెప్పులు ఒకళ్ళు ఎత్తుకోలేదా?" ఎత్తుకున్నారు. కానీ ఎదురెదురుగా నిలబడి ఎత్తుకున్నారు. ఉన్నదున్నట్టు దించితే పరువు పోయేది. మార్చి, మెరుగుపెట్టి, అసలు మనిషి ముందే ఆడి చూపించాలి. అక్కడ అసలు మనిషికి తిరిగి సమాధానం చెప్పే అవకాశం ఉంది. తాను నేర్పిన తారల పక్కన బ్రాడ్వే స్టేజీ ఎక్కే అవకాశం బ్రాడ్లీకి లేదు. ఇచ్చిపుచ్చుకోవటం అనాలంటే ఇద్దరికీ గుమ్మం తెరిచి ఉండాలి.

నివాళి పేరుతో కూడా ఇదే జరిగింది. 1936 'స్వింగ్ టైమ్'లో ఫ్రెడ్ అస్టేర్ మొహానికి నల్లరంగు పూసుకుని బిల్ 'బోజాంగిల్స్' రాబిన్సన్‌కి నివాళిగా డాన్స్ చేశాడు. ఆ ఆట తీరు రాబిన్సన్ కంటే జాన్ బబుల్స్‌కి దగ్గరని టాప్ తెలిసినవాళ్ళు చాలామంది అంటారు. ఆ డాన్సుకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది హెర్మీస్ పాన్‌కి. పాటలో పేరు ఒకరిది, కాళ్ళలో తీరు ఇంకొకరిది, నామినేషన్ మూడో మనిషిది.

నృత్య దర్శకత్వానికి ఆస్కార్ ఉండేదన్నది మనం మర్చిపోయిన విషయం. 1935, 36, 37 సినిమాలకి, మూడేళ్ళే ఇచ్చి ఎత్తేశారు. అందుకే 2023లో 'నాటు నాటు'కి కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నప్పుడు, ఆ పాటకి కాళ్ళిచ్చిన ప్రేమ్ రక్షిత్‌కి ఇవ్వటానికి అక్కడ విభాగమే లేదు. ప్రపంచమంతా ఎగిరింది ఆ స్టెప్పుకే కదా! జాతీయ అవార్డు ఆయనకి వచ్చింది, సంతోషం. కానీ అకాడమీని తిట్టేముందు మన రాతలు చూసుకుందాం. మన రివ్యూల్లో కొరియోగ్రాఫర్ చోటెంత? చివరి పేరాలో "డాన్సులు బాగున్నాయి". స్టెప్పేమో హీరో పేరు మీద చలామణీ అవుతుంది. బ్రాడ్వే ప్రోగ్రామ్ కాగితానికీ మన రివ్యూకీ ఆ విషయంలో తేడా ఏముంది?

నేనడిగేది పెద్ద సాయమేం కాదు. డాన్స్ గురించి రాసేటప్పుడు "ప్రభావం" దగ్గర పెన్ను ఆపి, ఆ మాట వెనక ఒక మనిషి, ఒక గది, ఒక జీతం ఉన్నాయేమో వెతకండి. దొరికితే పేరు రాయండి. కర్త పేరు, క్రియాపదం రెండూ ఉన్న వాక్యం రాయండి: అడెల్ అస్టేర్‌కి బడీ బ్రాడ్లీ నేర్పాడు.